చిరంజీవి పాడ్‌కాస్టుకు ఒక మఫస్సిల్ వకీలు ఉత్తరం

చిరంజీవి న్యాయ విద్యార్థుల పాడ్‌కాస్టును ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మా కోర్టులో వాయిదాలన్నీ క్షేమం. ఒక్కటీ తగ్గలేదు.

నీ గొంతు నాకు కొత్త కాదు. కోర్టుకు వెళ్లే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికిన రోజున నిన్నే వింటాను. మొదట గిటారు మోగుతుంది. తరువాత ఇద్దరు విద్యార్థులు తమను తాము పరిచయం చేసుకుని, పిమ్మట అతిథిని పరిచయం చేస్తారు. అతిథి కూడా విద్యార్థే, వాళ్ల హాస్టల్లోనే పై అంతస్తు. ఆయన ఒక జర్నల్లో వ్యాసం రాశారు. ఆ జర్నల్ సంపాదకులు ఈ ఇద్దరే. వ్యాసం అద్భుతమని వీళ్లంటే, ప్రశ్న అద్భుతమని ఆయనంటారు. ప్రశ్న ఇంకా అడగనే లేదు.

ఆ వ్యాసం కూడా తెప్పించుకుని చూశాను. పేజీకి పైన మూడు వరుసల వ్యాసం, కింద ముప్ఫై వరుసల ఫుట్‌నోట్లు. విద్యార్థులే దిద్ది, విద్యార్థులే అచ్చువేసే ఇలాంటి జర్నల్‌ను అమెరికాలో హార్వర్డ్ వాళ్లు 1887 నుంచి నడుపుతున్నారు. అక్కడి జడ్జీలు అప్పుడప్పుడైనా అలాంటి వ్యాసాలను తీర్పుల్లో ఉదహరిస్తారు. మన దగ్గర ఆ వ్యాసం సీవీలో ఒక వరుసై స్థిరపడుతుంది. ఉద్యోగం ఇచ్చే పెద్ద వకీలు దాని శీర్షిక వరకు చదువుతారు. ఆ వరుసకు గొంతు ఇవ్వడానికి పుట్టినదానివి నువ్వు.

ఆ మధ్య ఎస్సీ వర్గీకరణ మీద ఒక ఎపిసోడ్ చేశావు. రాష్ట్రాలు ఎస్సీ కులాలను గ్రూపులు చేసి రిజర్వేషన్ పంచవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 తేడాతో ఇచ్చిన దవీందర్ సింగ్ తీర్పు గురించి. 565 పేజీలు. నువ్వు అన్నీ చదివావు, అది ఒప్పుకోవాలి. ఆ తీర్పు పక్కన పెట్టినది 2004 నాటి చిన్నయ్య తీర్పును. చిన్నయ్య తీర్పు కొట్టేసినది ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన చట్టాన్ని, ఎస్సీ రిజర్వేషన్‌ను ఎ, బి, సి, డి అని పంచిన చట్టాన్ని. కేసు పంజాబ్‌ది కావచ్చు, కథ మనది. 1994 నుంచి డప్పులు మోగిస్తూ ఊరూరా తిరిగిన దండోరా కథ. హైదరాబాద్‌లో కూర్చుని మాట్లాడుతున్న నువ్వు అమెరికా తత్వవేత్తలను ఒకరి తరువాత ఒకరిని పిలిచావు. చిన్నయ్యను ‘చినాయా’ అన్నావు. ఆ దండోరాను నడిపిన మంద కృష్ణ మాదిగ పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఫుట్‌నోట్‌లో ఉందేమో మరి.

తెలంగాణలో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసి, 1, 9, 5 శాతాల రిజర్వేషన్ పంచిన చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. మా కోర్టు ఎదుట జిరాక్స్ షాపు అబ్బాయి నన్ను ఆపి అడిగాడు. ‘సార్, మేము ఏ గ్రూపు? మా చెల్లెలికి పాత సర్టిఫికెట్ పనికొస్తుందా, కొత్తది తీయించాలా?’ చెప్పాల్సింది చెప్పి, పనిలో పనిగా నీ ఎపిసోడ్ కూడా వినిపించాను. కాసేపు శ్రద్ధగా విన్నాడు. ఇయర్‌ఫోన్లు తుడిచి తిరిగి ఇస్తూ, ‘బాగా మాట్లాడుతున్నారు సార్’ అన్నాడు. మళ్లీ అడగలేదు.

నువ్వు ఇంగ్లీషులో మాట్లాడటం నీ ఒక్కడి తప్పు కాదులే. సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషేనని రాజ్యాంగం 348వ అధికరణం చెబుతోంది. నిన్ను కాలేజీలోకి రానిచ్చిన క్లాట్ పరీక్షా ఇంగ్లీషులోనే. మా కోర్టులో సాక్షి తెలుగులో చెప్పినది టైపు మిషను మీద ఇంగ్లీషై పడుతుంది. అయినా మైకు ముందు ఏ అధికరణమూ కాపలా కూర్చోలేదు కదా నాయనా.

విద్యార్థుల వల్ల ఏమవుతుందిలే అనే రకం కాదు నేను. సుప్రీంకోర్టు విచారణలను జనం చూడవచ్చని 2018 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. అడిగి తెచ్చిన స్వప్నిల్ త్రిపాఠి అప్పుడు న్యాయ విద్యార్థి. ఈ రోజు నువ్వు వాదనల ముక్కలు కత్తిరించి వేసుకుంటున్నావంటే ఆయన చలవే. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలకు జైలు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న కొట్టేయించిన శ్రేయా సింఘాల్ కూడా తీర్పు నాటికి లా చదువుతున్న అమ్మాయే. ఆ తీర్పు నీకు కంఠస్థం. అయితే కొట్టేసిన ఆ సెక్షన్ కిందే పోలీసులు ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021 జులైలో సుప్రీంకోర్టు నిర్ఘాంతపోయింది. ఆరేళ్లలో ఆ తీర్పు మీద ఎన్ని సెమినార్లు జరిగాయో, ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయో! స్టేషన్ రైటరు బల్ల దాకా ఒక్కటీ రాలేదు.

ఇప్పుడు అంతకంటే పెద్ద పని పడింది. 2024 జులై 1 నుంచి 1860 నాటి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్య 302 నుంచి 103కు, మోసం 420 నుంచి 318కి మారాయి. ఆ తేదీకి ముందు నేరాలకు పాతదే వర్తిస్తుంది కనుక నా సంచిలో రెండు పుస్తకాలూ ఉంటాయి. నువ్వు దీన్ని ‘వలస పాలన అనంతర డిస్కోర్సు’ అని చర్చించావు. బాగుంది. రిమాండుకు వెళ్లిన కుర్రాడి తల్లి మాత్రం కోర్టు మెట్ల మీద నన్ను పట్టుకుని, ‘ఎన్ని రోజులు బాబూ?’ అని అడుగుతుంది.

అందుకని ఒక మనవి. అరెస్టు, రిమాండు, బెయిలు పద్ధతులు చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 187వ సెక్షన్ మీద ఒక ఎపిసోడ్ తెలుగులో చెయ్యి. గడువులోగా చార్జిషీటు రాకపోతే బెయిలు హక్కవుతుందని, ఆ గడువు మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లూ అంతకు పైబడిన శిక్ష ఉన్న నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60 అని చెప్పు. లెక్క అరెస్టు నుంచి కాదు, రిమాండు నుంచి అని చెప్పు. రిమాండు వేసిన రోజునూ కలుపుకోవాలని 2023లో సుప్రీంకోర్టు తేల్చిందని కూడా చెప్పు. ఆ ఒక్క రోజు తేడాకు మనుషులు జైలు గేటుకు అటో ఇటో ఉండిపోతారు. చార్జిషీటు పడేలోపే బెయిలు అడగాలి, పడ్డాక ఆ హక్కు ఉండదు. ఇంత చెప్పడానికి పది నిమిషాలు చాలు. గిటారు కావాలంటే ఉంచుకో.

అతిథి కోసం హాస్టల్ పై అంతస్తుకు వెళ్లవద్దు. మా కోర్టు కానిస్టేబులును పిలువు. ఏ రిమాండు ఎప్పుడు ముగుస్తుందో కాగితం చూడకుండా చెబుతారు. ఆయన జర్నల్లో ఏమీ రాయలేదు, కాబట్టి పొగడ్తలకు పట్టే సమయం మిగులుతుంది. రెండో శనివారం ఖాళీగా ఉంటారట. మైకు మాత్రం నువ్వే తెచ్చుకోవాలి. మా కోర్టులో ఉన్నది పనిచేయడం లేదు, రిపేరుకు దరఖాస్తు పెట్టాం, వాయిదా పడింది.

ఇట్లు,
ఒక మఫస్సిల్ వకీలు