పై అంతస్తుకి వైఫై కావాలంటే ముందు కేబుల్ లాగండి

ఇంట్లో అన్ని అంతస్తులకీ వైఫై అందించడం గురించి వచ్చిన ఒక వ్యాసంలో, మూడంతస్తుల ఇంటికి రెండు రిపీటర్లు (రౌటర్ సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ముందుకు పంపే పెట్టెలు) చాలని రాశారు. ఆ ఒక్క మాట నేను ఒప్పుకోలేను. మామూలు రిపీటర్ రౌటర్ నుంచి తీసుకునేదీ, మన ఫోన్‌కి పంపేదీ ఒకే రేడియోతో. అందుకే స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. పైగా దాన్ని సిగ్నల్ బలహీనంగా ఉన్న మెట్ల దగ్గరే పెడతాం, ఇక అది పైకి పంపడానికి ఏం మిగులుతుంది?

మా ఇంట్లో రౌటర్ కింద ఉంది. స్లాబ్‌లోని కాంక్రీటు, ఇనుప కడ్డీలు 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని మింగేసేవి. చివరికి ఒక్కో ఫ్లోర్‌కి క్యాట్ 6 అనే నెట్ కేబుల్ లాగించి, సీలింగ్‌కి యాక్సెస్ పాయింట్ (కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే పెట్టె) బిగించాను. ఈ కేబుళ్లన్నీ కలిసే చోట పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) స్విచ్ ఉంటే కరెంటు కూడా ఆ కేబుల్‌లోనే వెళ్తుంది, పక్కన ప్లగ్ పాయింట్ అక్కర్లేదు.

పాత రౌటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా వాడేవాళ్లు అందులో డీహెచ్‌సీపీ (ప్రతి ఫోన్‌కీ ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, ఇచ్చే సెట్టింగ్) తప్పకుండా ఆపేయండి. లేకపోతే అసలు రౌటర్, పాత రౌటర్ రెండూ ఐపీ అడ్రస్‌లు పంచుతాయి, కొన్ని ఫోన్లకి నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు, కారణం అంతుపట్టదు. వైఫై పేరు, పాస్‌వర్డ్ అన్ని యాక్సెస్ పాయింట్లకీ ఒకటే ఉంచండి. ఒకదాని సిగ్నల్‌కి ఇంకొకటి అడ్డుపడకుండా ఛానెళ్లు మాత్రం వేరుగా ఉండాలి: 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11.

ఎవరూ చెప్పని సంగతి ట్రాన్స్‌మిట్ పవర్, అంటే యాక్సెస్ పాయింట్ ఎంత బలంగా సిగ్నల్ పంపాలనే సెట్టింగ్. ఫుల్‌లో ఉంటే మనం పైకి వెళ్లినా ఫోన్ కింది యాక్సెస్ పాయింట్‌నే పట్టుకుని వేలాడుతుంది. మీడియంకి దించాక అమ్మ వీడియో కాల్ మాట్లాడుతూ మెట్లెక్కినా కాల్ తెగడం లేదు.