దెయ్యానికీ రూల్స్ ఉండాలి

దెయ్యాల మిస్టరీలు, ప్రేమ నవలలు రెండూ టైంపాస్ సరుకే అని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. టైంపాస్ చేయించడం అంత తేలికా అండీ? యండమూరి ‘తులసిదళం’ కన్నడంలోకి వెళ్లి, 1985లో సినిమా కూడా అయింది. ఇక్కడ బెంగళూరు ఆఫీసులో నా కన్నడ మిత్రులు దాన్ని సొంత నవలలాగే చెప్పుకుంటారు. చేతబడిని నమ్మేవాడికీ, నమ్మనివాడికీ చెరో దారి తెరిచి ఉంచడంలోనే ఉంది దాని పట్టు.

ఇప్పటి మిస్టరీల్లో చాలావాటితో నా పేచీ వేరు. మూడొందల పేజీలు తలుపులు కిర్రుమనిపించి, ఆఖర్న ‘అంతా హీరోయిన్ భ్రమ’ అని చేతులు దులుపుకుంటారు. దెయ్యం ఉంటే ఉండనివ్వండి. కానీ గుమ్మానికి కట్టిన నిమ్మకాయను చూసి ఆగిపోయిన దెయ్యం, తర్వాతి అధ్యాయంలో అదే గుమ్మం దాటి దర్జాగా లోపలికొస్తే ఎలా?

ప్రేమ నవలలు నాకిష్టమే, ఒక్క ఫోన్‌కాల్‌తో తీరిపోయే అపార్థాన్ని పది అధ్యాయాలు సాగదీయకపోతే. పైగా బెంగళూరు కథల్లో అందరికీ బాల్కనీ ఫ్లాటే (అడ్వాన్స్ ఎవరు కట్టారో!). మారతహళ్లి పేయింగ్ గెస్ట్ హాస్టల్లో రూమ్మేట్ నిద్రపోయాక, మెట్ల మీద కూర్చుని, అయిదు శాతం చార్జింగ్‌తో గుసగుసగా పోట్లాడుకునే జంట గురించి ఎవరైనా రాస్తే కొనుక్కుని మరీ చదువుతాను.