టికెట్ కొనే ముందు క్రిటిక్ తేదీ అడగండి

పెయింటింగ్‌లో ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) చేస్తున్న పిల్లలు ఇంటికి రావడం తగ్గిస్తే, వాళ్లకి ఇంటి మీద ధ్యాస లేదనుకుంటాం. "బొమ్మలేగా, ఇక్కడికొచ్చి వేసుకోవచ్చుగా" అని కూడా అంటాం. ఈ మాటతోనే నాకు పేచీ. ఆయిల్ రంగు ఎన్నాళ్లకి ఆరాలన్నది మన చేతిలో లేదు. ప్రయాణం తేదీ మన చేతిలో ఉంది. మార్చుకోవాల్సింది ఆ తేదీనే.

ఆయిల్ రంగు వాటర్‌కలర్‌లా తడి ఆవిరైపోయి ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ని తీసుకుని గట్టిపడుతుంది. పలచగా పూస్తే అంబర్ (umber) అనే మట్టి గోధుమ రంగులు ఒకటి రెండు రోజుల్లో చేతికి అంటకుండా ఆరతాయి. ఐవరీ బ్లాక్, అలిజరిన్ క్రిమ్సన్, కాడ్మియం ఎరుపు వారం పట్టినా ఆశ్చర్యం లేదు. కుసుమ నూనెతో నూరిన తెలుపు ఇంకా నిదానం. మందంగా వేసినచోట పైన తోలు కడుతుంది గానీ లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది.

వేసేవాళ్లకి ఇందులో చిక్కేమిటంటే, పని సాగేది రెండు దశల్లోనే: రంగు పూర్తిగా పచ్చిగా ఉన్నప్పుడు, లేదా పొర ఆరిపోయాక. మధ్యలో జిగురుగా ఉన్నప్పుడు బ్రష్ పెడితే కింది రంగు లేచొచ్చి అంతా మురికి అవుతుంది. ఒక ముఖాన్ని పచ్చి మీద పచ్చిగా మొదలుపెట్టి, సగంలో నాలుగు రోజులు ఇంటికెళ్లొస్తే, తిరిగొచ్చేసరికి అది సరిగ్గా ఆ జిగురు దశలో ఉండొచ్చు. ఇక గీకి తీసేయాలి, లేదంటే ఆరేదాకా ఆగాలి. ఆగలేక దాని మీదే టర్పెంటైన్‌తో పలచన చేసిన రంగు వేస్తే కొన్నాళ్లకి పగుళ్లొస్తాయి. పై పొరలో కింది పొరకంటే నూనె ఎక్కువ ఉండాలన్న నియమం ఉన్నది ఇందుకే. "నాలుగు రోజులేగా" అని మనం అనేటప్పుడు ఈ లెక్క మనకి తెలియదు.

అదే పది రోజుల ముందు తెలిస్తే ఆ నాలుగు రోజులూ పనికొస్తాయి. పచ్చిగా తేల్చాల్సిన భాగాలు ముందే ముగించుకోవచ్చు. బయల్దేరే ముందు రెండు రోజులు కొత్త కాన్వాసుల మీద అంబర్‌తో పలచని అడుగు పొరలు వేసుకోవచ్చు. లేదా ఖాళీ కాన్వాసులకి రెండు మూడు పూతలు యాక్రిలిక్ జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్ల పూత) వేసి, పూతకీ పూతకీ మధ్య సన్న ఎమరీ కాగితంతో రుద్ది వదిలేయొచ్చు. జెస్సో మీద ఆయిల్ వేయడానికి ముందు మూడు రోజులు ఆగడం మంచిది, ఆ మూడు రోజులూ ఇంట్లోనే గడిచిపోతాయి.

ఇక క్రిటిక్. అధ్యాపకులూ తోటి విద్యార్థులూ గోడకి పెట్టిన పనిని నిలదీసే రోజది. దానికి ముందు వారం రమ్మనకండి, అది అయిపోయిన మర్నాడు రమ్మనండి. సెమిస్టర్ మొదట్లోనే ఆ తేదీలు చాలావరకు ఖరారవుతాయి, అడిగితే చెప్తారు. తిరుగు ప్రయాణం క్రిటిక్‌కి ముందురోజు రాత్రికి అస్సలు పెట్టొద్దు. కొన్నాళ్లు వదిలేసిన బొమ్మలో నూనె కింది పొరలోకి ఇంకి, ముదురు రంగులు అక్కడక్కడా వెలిసినట్టు కనిపిస్తాయి. కంగారుపడి వాటిని ఇంకా ముదురు చేస్తే బొమ్మ చెడుతుంది. పొర ఆరిందని చూసుకుని, కొంచెం నూనె పలచగా రాసి, మెత్తటి గుడ్డతో తుడిచేస్తే అసలు రంగు తేలుతుంది. తర్వాతే ఏం చేయాలో నిర్ణయించుకోవాలి. ఆ నిదానానికి ఒక రోజు కావాలి.

స్టూడియో మూసి వచ్చేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యం నూనె గుడ్డలు. అవిసె నూనె పీల్చిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే, ఆక్సీకరణలో పుట్టే వేడి బయటికి పోయే దారిలేక వాటంతటవే అంటుకోగలవు. నీళ్లు పోసిన, మూత ఉన్న లోహపు డబ్బాలో వేయాలి. "త్వరగా బయల్దేరు" అని ఫోన్ మీద ఫోన్ చేస్తే ముందు మర్చిపోయేది ఈ పనే. తర్వాత బ్రష్‌లు: సబ్బుతో కడిగి, కొసలు సరిచేసి, పడుకోబెట్టాలి. టర్పెంటైన్ సీసాలో నిలబెట్టి వెళ్తే వెంట్రుకలు శాశ్వతంగా వంగిపోతాయి. పచ్చి కాన్వాసుల్ని దుమ్ము పడుతుందని గోడవైపు తిప్పుతారు కొందరు. వెలుతురు లేనిచోట అవిసె నూనె పసుపెక్కుతుంది, కాబట్టి నెలరోజుల సెలవైతే బొమ్మ ముఖం వెలుతురుకే ఉండాలి.

మరి రంగులు ఇంటికి తెచ్చుకోవచ్చుగా? ట్యూబులు వరకూ ఫరవాలేదు. నూనెతో నూరిన రంగుల జ్వలన స్థానం, అంటే వాటి ఆవిరి మంటకి అంటుకోగలిగే వేడి, సాధారణంగా 60 డిగ్రీల సెల్సియస్ కన్నా బాగా ఎక్కువ. చెక్-ఇన్ సామానులో పెట్టి, పక్కన సేఫ్టీ డేటా షీట్ (తయారీదారు ఇచ్చే భద్రతా వివరాల పత్రం) ఉంచుకుంటే విమానంలో చాలావరకు ఇబ్బంది ఉండదు. టర్పెంటైన్, మినరల్ స్పిరిట్స్ మాత్రం ఏ సామానులోనూ కుదరవు. అయినా ఇంట్లో ఆయిల్ వేయించకపోవడమే మేలని నా అభిప్రాయం. గాలి ఆడని గదిలో టర్పెంటైన్ లాంటి ద్రావకాల ఆవిర్లు మంచివి కావు. సీసం తెలుపు, కాడ్మియం రంగులు పసిపిల్లలు పాకే చోట ఉండకూడదు. స్కెచ్‌బుక్, గువాష్ (నీళ్లతో కలుపుకునే చిక్కటి రంగు) డబ్బా తెచ్చుకుంటే చాలు. అవీ తెరవకపోతే "ప్రాక్టీసు చేయట్లేదేం" అని అడగకండి.

వీలైతే మీరే స్టూడియోకి వెళ్లండి. ఒక గంట చాలు. పాత బట్టలు వేసుకోండి, బల్ల మీద సంచి పెట్టకండి, అక్కడ ఏమీ తినకండి, వచ్చేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. "ఇదేమిటి, ఎవరి బొమ్మ" అని కాకుండా, "నిన్నటికీ ఇవాళ్టికీ ఇందులో ఏం మారింది" అని అడిగి చూడండి, మీ పిల్లలు ఎంత మాట్లాడతారో. సగంలో ఉన్న బొమ్మని ఫోటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. అక్కడొచ్చే "చెయ్యి పెద్దదయింది" లాంటి వ్యాఖ్య ఒక్కటి చాలు, మర్నాడు అది సరిదిద్దబోయి బాగున్న భాగాన్ని చెరిపేసుకోవడానికి. నచ్చితే వాళ్లనడిగి, పూర్తయ్యాక తీసుకోండి.