నల్లా సరే, మోరి సంగతేంటి?

పరకాల, నర్సంపేట వైపు ఏ ఊరికైనా నల్లా వచ్చే వేళకు వెళ్లి చూడండి. ఒక వాకిట్లో బోళ్లు తోముతుంటారు, పక్క వాకిట్లో బట్టలు పిండుతుంటారు. సబ్బు నురగ సీసీ రోడ్డు పక్కన మోరి (మురికి కాలువ)లోకి జారి, పదిళ్లు దాటేసరికి బూడిద రంగుకు తిరిగి, పల్లంలో ఉన్న ఆఖరి ఇంటి ముందు మడుగు కడుతుంది. కాంట్రాక్టరు పని అక్కడితో అయిపోయింది. ఆ ఇంటివాళ్లు రెండు రాళ్లు వేసుకుని దాటుతుంటారు. వానొస్తే ఆ మడుగు పొంగి ఊరచెరువులో కలుస్తుంది.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లెక్క పెట్టుకుంది. వాడిన నీళ్లలో 80 శాతం దాకా మురుగై బయటికొస్తాయని ఇంజినీర్లే లెక్క వేస్తారు. అంటే 2,000 మంది ఉన్న ఊళ్లో రోజుకు 1.6 లక్షల లీటర్లు. నీళ్లు తేవడానికి కోట్లు పోసినవాళ్లు అవి పోయే దారి చూడలేదు. పల్లె ప్రగతిలో ట్రాక్టరు, డంపింగ్ యార్డు, వైకుంఠధామం వచ్చాయి. మోరి మాత్రం ఊరు దాటితే చాలనుకున్నారు. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో ఇప్పుడు గుర్రపుడెక్క పరుచుకుంటోంది. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నాచు లేని చోటు వెతుక్కుంటున్నారు.

సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకుని పేరు తెచ్చుకుంది. ఎర్ర చెల్కల్లో, అంటే ఇసుక పాలున్న ఎర్ర నేలల్లో, ఇంతకన్నా చవకైన మార్గం లేదు. నల్లరేగడిలో మాత్రం నీరు త్వరగా ఇంకదు, గుంత నెల తిరక్కుండా నిండి కూర్చుంటుంది. మడ్డి ఆగే చిన్న తొట్టి ముందు కట్టకపోతే చెల్కలోనూ అదే గతి. బిల్లు కోసమే తవ్విన గుంతలు మేమూ చూశాం.

రేగడి ఊళ్లకు చెరువుకు ముందే శుద్ధి కుంటలు కావాలి. మీటరున్నర లోతులో మురుగు పన్నెండు రోజులు నిలవాలంటే, 2,000 మంది ఊరికి సుమారు 13 గుంటల జాగ, గట్లతో కలిపి అరెకరం పడుతుంది. మోటార్లు అక్కర్లేదు. ఎండా, నాచూ, సూక్ష్మజీవులే పని చేస్తాయి. స్వచ్ఛ భారత్ రెండో విడతలో 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఈ పని కింద మనిషికి 280 రూపాయల దాకా లెక్క పెట్టారు. 2,000 మంది ఊరికి 5.6 లక్షలన్నమాట. డబ్బు కన్నా అరెకరం జాగ తేల్చడమే కష్టం. ఊరి పల్లంలో శిఖం భూమిని (చెరువు కింద మునిగే సర్కారు జాగను) ఎవరు దున్నుతున్నారో సర్పంచులకు మేం చెప్పాలా?

ఇంకో చిక్కు మరుగుదొడ్డిది. చాలా ఇళ్ల సెప్టిక్ ట్యాంకు పైపు మోరిలోకే తెరిచి ఉంటుంది. ట్యాంకరు పిలిస్తే అది రాత్రి పూట ఏ వాగు ఒడ్డునో ఖాళీ అవుతుంది. వరంగల్ నగరం 2016లోనే ఇలాంటి ట్యాంకర్లకు నియమాలు పెట్టుకుంది, అమ్మవారిపేటలో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం కట్టుకుంది. చుట్టుపక్కల పల్లెల ట్యాంకర్లనూ అటే మళ్లించాలి.

(డెంగ్యూకు కూడా మోరినే తిడుతుంటాం. ఆ దోమ పెరిగేది కూలర్లలో, నీళ్ల తొట్లలో. బోదకాలు దోమకు మాత్రం మోరే పుట్టిల్లు.)

ఇకపై మోరి ఎస్టిమేట్‌లో ఎన్ని మీటర్లో రాసి ఊరుకోవద్దు. ఆ నీళ్లు ఏ సర్వే నంబరులో ఆగుతాయో కూడా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే బిల్లు పాస్ చేయొద్దు.