గాజు పళ్లెం దాటితేనే మందు

ఫలానా ఆకు క్యాన్సర్‌ను చంపుతుందన్న వార్త కనబడినప్పుడల్లా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎవరి మీద పరీక్షించారు? గాజు పళ్లెంలో పెంచిన కణాలను బ్లీచింగ్ పౌడర్ నీళ్లూ చంపుతాయి.

మొక్కల్లో మందు లేదని మేము అనడం లేదు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ మలేరియా మందు కోసం పాత వైద్య గ్రంథాలు తిరగేశారు. మాచిపత్రి జాతికి చెందిన చింగ్‌హావో మొక్క సారం ఒకసారి పనిచేస్తే మరోసారి చేసేది కాదు. సుమారు 1,600 ఏళ్ల నాటి గ్రంథమొకటి ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమంది. మరిగించమనలేదు. వేడికే గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. దాదాపు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీయించారు. 1971లో అది ఎలుకల్లో, కోతుల్లో మలేరియా క్రిములను పూర్తిగా తుడిచిపెట్టింది. రోగులకిచ్చే ముందు ఆమె, సహచరులు తామే మింగి చూశారు. ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు అలా దక్కింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

బిళ్లగన్నేరు షుగర్ తగ్గిస్తుందేమోనని చూస్తే తగ్గించలేదు, ప్రయోగ జంతువుల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ ఫలితాన్ని పారేయకుండా వెంటపడ్డారు. విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు, ఆ వెంటే పిల్లల రక్తక్యాన్సర్‌కు నేటికీ వాడే విన్‌క్రిస్టిన్ వచ్చాయి.

పసుపులోని కర్క్యుమిన్ మీద వేల పరిశోధన పత్రాలున్నాయి. మింగితే రక్తంలోకి చేరేది బహు స్వల్పం. పైగా వెలుతురు పడితే తనే మెరిసే గుణంతో కొన్ని ల్యాబ్ పరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది.

మొక్కే కదా, కీడేముంటుందన్న మాట మరీ ప్రమాదం. 1990ల తొలినాళ్లలో బెల్జియంలో సన్నబడటానికిచ్చిన మాత్రల్లో అరిస్టలోకిక్ ఆమ్లమున్న మూలిక చేరి ఎందరో మహిళల కిడ్నీలు పాడయ్యాయి.

నిధులిచ్చేవారు కొత్త ఆకుల వేటతో ఆగిపోకుండా, మోతాదు తేల్చే పనికీ మనుషులపై ట్రయల్స్‌కూ డబ్బు పెట్టాలి. విఫలమైన ప్రయోగాలనూ ప్రచురించాలి. ఎలుకల మీద వచ్చిన ఫలితాన్ని ఎలుకల ఫలితమనే శీర్షికలో రాయడం పత్రికలుగా మా బాధ్యత. ఇక డాక్టర్లు మందుల చీటీ రాసేముందు, ఇంట్లో ఏ కషాయం తాగుతున్నారో కసురుకోకుండా అడగాలి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక, మార్చిన కిడ్నీని కాపాడే సైక్లోస్పోరిన్ మందు స్థాయిని రక్తంలో పడగొట్టేస్తుంది. ఆ సంగతి రోగికి తెలియదు, అడిగితే తప్ప చెప్పడు.