ఎలిఫెంటాకి సోమవారం టికెట్లు తీసే మహానుభావులకు

లాంగ్ వీకెండ్ వచ్చిందంటే బెంగళూరులో మన తెలుగువాళ్ళ ముంబై ప్లాన్ అంతా ఒకే మూసలో ఉంటుంది. శనివారం జుహూ, ఆదివారం సిద్ధివినాయకుడు, షాపింగు. ‘ఎలిఫెంటా ఒక్క పూటే కదా, సోమవారం చూసేసి సాయంత్రం ఫ్లైటెక్కేద్దాం’ అంటారు, ముంబై పక్కన సముద్రంలో ద్వీపం మీదున్న శివుడి రాతి గుహల గురించి. సోమవారం గుహలకి సెలవండీ, ప్రతి సోమవారమూ. శివుడి వారం కదా అని పనిగట్టుకుని ఆ రోజే పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. అక్కడ నడిచేది పురావస్తు శాఖ క్యాలెండరు, పంచాంగం కాదు. సెలవు పెట్టేదేదో శుక్రవారం పెట్టండి. గుహలు తెరిచే ఉంటాయి, ఆదివారం తోపులాటా తప్పుతుంది.

రెండో పొరపాటు టైము. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ద్వీపానికి వెళ్ళే పడవలు ఉదయం తొమ్మిదికల్లా మొదలవుతాయి. మనవాళ్ళు టిఫిన్లు చేసి, ఫోటోలు దిగి, పదకొండున్నరకి క్యూలో నిలబడతారు. పడవలో గంట. దిగాక జెట్టీ మీద నడక, వద్దనుకుంటే బొమ్మ రైలుంది. తర్వాత 120 దాకా మెట్లు, రెండు పక్కలా దుకాణాలు. పైకి చేరేసరికి ఎండ నడినెత్తిన, పిల్లలు ఆకలితో. ఇంక చూసేదేముంటుంది, ఇరవై నిమిషాల్లో సెల్ఫీ తీసుకుని దిగిపోవడమే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి డోలీలుంటాయి, బేరం కిందే తేల్చుకోండి. పడవ టికెట్టు రానూపోనూ కలిపే ఇస్తారు, ఆ ముక్క పారేస్తే తిరుగు ప్రయాణంలో తంటా. గుహల టికెట్టు మనకి 40 రూపాయలు, 15 ఏళ్ళలోపు పిల్లలకి ఉచితం. చిప్స్ ప్యాకెట్టు చేతిలో పట్టుకుని మెట్లెక్కితే అది మీది కాదు, కోతిది. వానాకాలంలో సముద్రం బాగా లేకపోతే పడవలే ఆపేస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఫ్లైట్ టికెట్లు తీసి ధైర్యం చేయకండి.

ఇదంతా ఒక ఎత్తు. లోపలికి వెళ్ళి మూడు తలల పెద్ద శిల్పం చూపించి ‘బ్రహ్మ, విష్ణు, మహేశ్వరుడు, చూడండి పిల్లలూ’ అనడం ఇంకో ఎత్తు. త్రిమూర్తి అన్న పేరు ఎప్పుడో అంటుకుంది, గైడ్లూ అదే చెబుతారు. కానీ ఆ మూడు తలలూ శివుడివే. అది సదాశివమూర్తి. ఇంట్లో రుద్రాభిషేకానికి ముందు చదివే మహన్యాసం విన్న తెలుగువాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పాలా? శివుడికి ఐదు ముఖాలు: సద్యోజాత, వామదేవ, అఘోర, తత్పురుష, ఈశాన. మనకి ఎడమవైపున్నది అఘోరం: మీసం, వంకర ముక్కు, జటలో పుర్రె, చేతిలో పాము. మధ్యలో కళ్ళు మూసుకున్న తత్పురుషం. కుడివైపు వామదేవం, ఆడరూపం. ముంగురులు, ముత్యాల సరాలు, చేతిలో తామర. సద్యోజాతం వెనకవైపు, అంటే కొండరాతిలోనే ఉండిపోయింది. ఈశానం పైకి చూసే ముఖం, దాన్ని చెక్కలేదు. ఉన్నది ఛాతీ వరకే, ఆ కాస్తే పద్దెనిమిది అడుగుల దాకా ఉంటుంది.

ఫ్లాష్ కొట్టకండి, ఫోన్ టార్చి వేయకండి. ఎదురుగా వెలుగు పడితే ఎత్తుపల్లాలన్నీ చదునైపోయి గోడ మీద సున్నం బొమ్మలా కనిపిస్తుంది. గుహ ముఖం ఉత్తరానికి ఉంది, సదాశివుడు బాగా లోపల, దక్షిణపు గోడలో. బయటి ఎండలోంచి వచ్చిన కళ్ళకి మొదట చీకటే. పది నిమిషాలు ఊరికే నిలబడండి. ముందు పెదవులు, తర్వాత కనురెప్పలు, ఆఖరున జటామకుటంలోని నగిషీ ఒక్కొక్కటీ తేలతాయి.

నన్నడిగితే నేరుగా ఆయన దగ్గరికి పరిగెత్తడమే తప్పు. ఇక్కడ శిల్పాలు జంటలుగా ఎదురెదురు పెట్టారు. ఉత్తర ద్వారంలో ఇటు నటరాజు, అటు యోగీశ్వరుడు. ఒకటి ఆట, ఒకటి కదలని కూర్చోవడం. పడమట ఒకవైపు అంధకాసుర సంహారం, దానికెదురుగా కల్యాణసుందరమూర్తి, అంటే శివపార్వతుల పెళ్ళి. పెళ్ళి బొమ్మలో పార్వతి శివుడికి కుడివైపు నిలబడి ఉంటుంది, పెళ్ళి ఇంకా పూర్తి కాలేదు మరి. ఈ సంగతి మన అమ్మమ్మలు చిటికెలో పట్టేస్తారు, గైడు చెప్పకపోయినా. తూర్పున కైలాసం మీద ఆలుమగలు పాచికలాడుతుంటే, ఎదుటి గోడలో రావణుడు ఆ కొండనే పెకలిస్తుంటాడు. సదాశివుడికి ఒక పక్క అర్ధనారీశ్వరుడు, మరో పక్క గంగాధరుడు. గంగాధరుడి పైన గంగకి మూడు తలలుంటాయి, వెతకండి. ఇక గర్భగుడి హాల్లో పడమటి వైపు, నాలుగు దిక్కులా నాలుగు తలుపులతో విడిగా ఉంది, తలుపుకిద్దరు చొప్పున ఎనిమిదిమంది ద్వారపాలకులు. లోపల లింగం. జనం దాన్ని స్టోర్‌రూమనుకుని దాటిపోతుంటే ఒళ్ళు మండుతుంది.

చెన్నైవాళ్ళు ‘మాకు మహాబలిపురం ఉందిగా’ అంటారు. ఉంది, కాదనను. కానీ అక్కడి గుహలు చాలావరకు నాలుగు స్తంభాలు, ఒక వసారా, వెనక గర్భగుడి, అంతే. పల్లవుల గ్రానైటు మొండిది. ఇక్కడ బసాల్టు, అంతకి నూరేళ్ళ ముందటి ఆరో శతాబ్దపు పని, గుహ 39 మీటర్ల లోతు. పైకప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి తొలుచుకుంటూ రావడం పద్ధతి. అలాగైతే పరంజా అక్కర్లేదు, కానీ ఉలి ఒక్కసారి తప్పితే అతకడానికి ఏమీ ఉండదు. పక్కనున్న చిన్న గుహల్లో సగంలో ఆగిన పని కనిపిస్తుంది, అక్కడికి మాత్రం ఎవరూ వెళ్ళరు.

కాళ్ళూ చేతులూ విరిగిన బొమ్మలు చూసి అంతా పోర్చుగీసువాళ్ళే కొట్టారని తేల్చేయకండి. వాళ్ళ పాపం వాళ్ళకుంది, ఇక్కడి శాసనాన్ని పోర్చుగల్‌కి పంపి పోగొట్టారు. కట్టించినదెవరో ఈనాటికీ పండితులు ఊహించుకోవలసి రావడానికి అదొక కారణం. కానీ రాతి పగుళ్ళలోంచి దిగే వాన నీరూ ఏళ్ళ తరబడి తన పని తాను చేసింది.

అన్నట్టు ద్వీపానికి ఎలిఫెంటా అని పేరు తెచ్చిన రాతి ఏనుగు అక్కడ లేదు. అసలు పేరు ఘారాపురి. ఏనుగు ముంబైలోనే బైకుల్లాలో, జీజామాత ఉద్యానం పక్కన భావు దాజీ లాడ్ మ్యూజియం బయట నిలబడి ఉంది. 1864లో ఇంగ్లండుకి పట్టుకుపోదామని ఎత్తబోతే ముక్కలైంది, తర్వాత అతికించారు. ద్వీపంలో ‘ఏనుగేదీ’ అని పిల్లలు అడిగితే ఆ అడ్రసు చెప్పండి.