సీఆర్ఆర్ నంబరు గారికి ఉద్యోగం వచ్చింది

గౌరవనీయులైన సీఆర్ఆర్ నంబరు గారికి,

ఇక్కడ నేను క్షేమం. వైకల్యం ఉన్న పిల్లలకు పాఠం చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్‌గా నాకు దక్కిన రిజిస్ట్రేషన్ నంబరు కదా మీరు. మీరు కూడా బీరువాలో, నా పెళ్ళి పట్టుచీర మడతల మధ్య, ప్లాస్టిక్ కవరులో క్షేమంగా ఉన్నారని నిన్న రాత్రే చూశాను. ముందుగా అభినందనలు. మీకు ఉద్యోగం వచ్చింది. నాకు కాదండీ, మీకే. అందుకే ఈ ఉత్తరం.

జరిగిందేమిటో మీకూ తెలుసు, ఆ గదిలో మీరూ ఉన్నారు. అయినా చెబుతాను. బైపాస్ రోడ్డు మీద ఉన్న ఆ పెద్ద బడి వాళ్ళు స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలని ఫోన్ చేస్తే ఇస్త్రీ చీర కట్టుకుని, సొంతంగా చేసుకున్న ఫ్లాష్‌కార్డుల సంచీ భుజాన వేసుకుని వెళ్ళాను. కరస్పాండెంట్ గారు సంచీ వైపు చూడలేదు. నా వైపూ పెద్దగా చూడలేదు. మిమ్మల్ని మాత్రం రెండు చేతులతో అందుకుని, అంకె అంకె వేలితో తడిమి, క్లర్కును పిలిచి ఆన్‌లైన్‌లో సరిచూడమన్నారు. పెళ్ళిచూపుల్లో పిల్లని వదిలేసి జాతకం చూసుకున్నట్టు.

"కరెక్టే మేడమ్. ఒక జిరాక్సు ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టండి."

"ఎన్నింటికి రావాలి సార్?"

ఆయన నవ్వారు. "మీరు రోజూ రావడం ఎందుకు మేడమ్? ఇన్‌స్పెక్షన్ ఉన్నప్పుడు మేమే ఫోన్ చేస్తాం. నెలకు 3 వేలు వేస్తాం."

"మరి పిల్లలు?"

"అలాంటి పిల్లల్ని మనం తీసుకోవట్లేదు కదా!"

ఆ 'మనం'లో నన్ను కూడా కలిపేసుకున్న ఆయన పెద్దమనసును ఇప్పటికీ మరిచిపోలేను. ఆలోచించి చెబుతానని బయటపడ్డాను. బస్సులో మిమ్మల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మొదటిసారి మీ మీద అసూయ కలిగింది. ఏ పనీ చేయకుండా, ఎండలో తిరగకుండా, ఎవరి చొంగా తుడవకుండా మీకు నెలజీతం!

మీ గొప్పతనం నాకు తెలియక కాదు. 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టం చేస్తే పుట్టిన వంశం మీది. సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరెక్కినవాళ్ళకే మీరు దక్కుతారు. మీరు లేకుండా ఈ పని చేసేవాళ్ళకు ఏడాది దాకా జైలు, లేదంటే 1000 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ అని అదే చట్టంలో 13వ సెక్షన్ చెబుతుంది. అది చదివి మా అమ్మ హడలిపోయి, చదువు పూర్తయ్యే దాకా పక్కింటి పిల్లాడికి అ ఆలు కూడా చెప్పొద్దంది. మీరు లేకపోతే ఏం చేస్తారో రాశారు, బాగుంది. మీరు ఉంటే ఎంత జీతం ఇస్తారో ఎక్కడైనా రాశారేమోనని మిగతా సెక్షన్లన్నీ తిరగేశాను. దొరకలేదు.

మీకోసం రెండేళ్ళు చదివాను. స్పెషల్ బీఈడీ అనగానే మా చిన్నాన్న స్పెషల్ దోశతో పోల్చుకుని, నెయ్యి ఎక్కువ వేస్తారేమో అన్నట్టు, "మామూలు బీఈడీ కన్నా జీతం ఎక్కువా అమ్మా?" అన్నాడు. నాది మేధో వైకల్యం విభాగమే అయినా తతిమ్మా వాటి రుచీ చూపించారు. బ్రెయిలీ పలక మీద కుడి నుంచి ఎడమకు చుక్కలు గుచ్చి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవడం నేర్చుకున్నాను. రెండు వారాలు నా పేరు నాకే తిరగబడి కనిపించింది. సైగల భాషలో నీళ్ళు, అన్నం, బాత్‌రూమ్ అడగడం వచ్చింది. సికింద్రాబాద్ బోయినపల్లిలో, ఇప్పుడు నీపిడ్ అని పిలిచే జాతీయ సంస్థ తయారుచేసిన చెక్‌లిస్టులు పట్టుకుని, పిల్లవాడు గ్లాసు పట్టుకుంటాడా, పట్టుకుంటే ఒలకబోస్తాడా, సాయం చేస్తే తాగుతాడా అని పేజీలకు పేజీలు టిక్కులు పెట్టాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచాక పరీక్షకు ముందు ఆ జాబితా బట్టీ పట్టడానికి మా హాస్టల్లో పాటలు కూడా కట్టుకున్నాం. పిల్లల అవసరాలు ఇన్ని రకాలని అంత వివరంగా గుర్తించిన దేశం మనది. గుర్తించడంలో మనల్ని కొట్టేవాడు లేడు.

కోర్టు కూడా గుర్తించింది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక లెక్క చెప్పింది: ప్రైమరీలో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒక టీచరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు. ఆ తీర్పు వచ్చిన రోజు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో లడ్డూల బొమ్మలు, దండాల బొమ్మలు. ఇక మనదే రాజ్యం అనుకున్నాం. మళ్ళీ 2025 మార్చిలో అదే కోర్టు, అసలు ఎన్ని పోస్టులు కావాలో ముందు లెక్క తేల్చి ప్రకటించమని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. మూడున్నరేళ్ళు కావస్తుంటే, కూడిక దగ్గరే ఉన్నాం అన్నమాట. మా పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారని ఎవరన్నా అంటే ఇకమీదట ఊరుకోను.

న్యాయంగా చెప్పుకోవాలి, తెలంగాణ డీఎస్సీ 2024లో మొత్తం 11,062 టీచరు పోస్టులుంటే అందులో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు చిన్న తరగతుల ఎస్జీటీలు 796, పై తరగతుల స్కూల్ అసిస్టెంట్లు 220 ఇచ్చారు. అంతకుముందు మా పేరే ఎత్తని నోటిఫికేషన్లు చూసి చూసి ఉన్నాం కాబట్టి కళ్ళు చెమ్మగిల్లాయి. టెట్ గట్టెక్కాను, డీఎస్సీ రాశాను, ర్యాంకు కూడా వచ్చింది. పోస్టు దాకా మాత్రం రాలేదు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు, నాకన్నా బాగా రాసినవాళ్ళకు వచ్చింది.

ఇక మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడ మా సీనియర్లు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ఐఈఆర్పీలుగా, అంటే ఇలాంటి పిల్లలకు చెప్పే రిసోర్స్ పర్సన్లుగా, కాంట్రాక్టు మీద పనిచేస్తారు. కేంద్రానికి రాగలిగిన పిల్లలకు అక్కడ పాఠం, మంచం దిగలేని పిల్లల ఇంటికి వెళ్ళి పాఠం, మధ్యలో సర్వేలు, ఉపకరణాల క్యాంపులు, వైకల్య సర్టిఫికెట్ కోసం తల్లిదండ్రులకు దారి చెప్పడం. పిల్లవాడి వైకల్యం శాశ్వతం అని కాగితం మీద ఉంటుంది. వాడికి చదువు చెప్పే మనిషిది తాత్కాలికం.

నేను చేసిన ఉద్యోగాల చిట్టా మీ దగ్గరే ఉంది కదా, ఇంకో చోటికి వెళ్ళినప్పుడల్లా మిమ్మల్నే ముందుపెట్టాను. ఒక బడిలో 12 వేలకు చేరాను. ఆటిజం ఉన్న ఒక బాబు పక్కన కూర్చోవడం నా పని అన్నారు. నాలుగో రోజు నుంచి హిందీ టీచరు సెలవు పెడితే నేనే హిందీ, పీఈటీ రాకపోతే నేనే విజిల్. వార్షికోత్సవానికి వేదిక వెనక థర్మోకోల్ నెమలి ఈకలు కత్తిరిస్తుంటే బాబు వచ్చి నా కొంగు పట్టుకుని లాగాడు. వాడికి చప్పుడు పడదు, ఇంటికి పోదామని. వాళ్ళమ్మకు ఫోన్ చేశానని ప్రిన్సిపాల్ కోప్పడ్డారు. మరుసటి ఏడాది బాబుకు టీసీ ఇచ్చారు. నాకు దాని అవసరం కూడా లేకపోయింది.

మీకు రెన్యువల్ కూడా దగ్గరపడింది, తెలుసా? ఐదేళ్ళకోసారి మీ ఆయుష్షు పెంచాలంటే నేను శిక్షణలకు వెళ్ళి పాయింట్లు కూడబెట్టాలి. మొన్న ఒక వెబినార్‌లో కూర్చున్నాను. అంశం: అందరినీ కలుపుకుపోయే తరగతి గది. మూడు వందల మందిమి ఉన్నాం. చివర్లో చాట్‌లో ఒకే ప్రశ్న మూడు వందల సార్లు పడింది: "సర్, సర్టిఫికెట్ ఎప్పుడు ఇస్తారు?" నేనూ అడిగాను. మీ కోసమే.

ప్రస్తుతం నేనేం చేస్తున్నానో మీకు తెలియదు. అక్కడ మిమ్మల్ని ఎవరూ అడగలేదు కాబట్టి తీసుకెళ్ళలేదు. మా వీధి చివర టైలరమ్మ కొడుకు, పదకొండేళ్ళు. వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పుతున్నాను. మాకు కాలేజీలో నేర్పిన పద్ధతే, వెనక నుంచి ముందుకు. గుండీని కాజాలో ముప్పావు వంతు నేనే దూరుస్తాను. ఆఖరి లాగుడు వాడిది. అది బాగా వచ్చాక సగం నేను, సగం వాడు. ఆ తర్వాత గుండీ అంచు పట్టుకోవడం కూడా వాడే. వాళ్ళమ్మ మా పాఠం కోసం పాత కోటు గుండీలు, ఎడ్లబండి చక్రాలంత పెద్దవి, గుడ్డముక్క మీద కుట్టి ఇచ్చింది. పంతొమ్మిది రోజులు ఏమీ లేదు. ఇరవయ్యో రోజున కింది గుండీ వాడే పెట్టాడు. పెట్టి, విప్పాడు. మళ్ళీ పెట్టాడు. అన్నం తినమంటే వినకుండా రాత్రి తొమ్మిదింటి దాకా అదే పని అట. జీతం బదులు టైలరమ్మ నా రెండు జాకెట్లు కుట్టిపెట్టింది, మూడోది కూడా కుడతానంటోంది.

బైపాస్ రోడ్డు బడి నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. వచ్చే గురువారం ఇన్‌స్పెక్షన్ అట, మీరు తప్పకుండా కావాలట. నేను కూడా వస్తే మరీ మంచిదన్నారు. మీరు వెళ్తానంటే ఆటో మాట్లాడి పంపిస్తాను. నాకు మాత్రం గురువారం పదింటికి రెండో గుండీ ఉంది.

ఇట్లు,
మీ సర్టిఫికెట్ మీద ఫొటోలో ఉన్న ఆవిడ